లసుమవ్వ ముక్కు చెప్పిన మాట

అంకాపూర్‌లో పసుపు ఉడికిందో లేదో చెప్పాలంటే లసుమవ్వ రావాలి. కడాయి ఎవరిదైనా, కింద మంట ఎవరు వేసినా, "ఇగ దించుండ్రి" అనే మాట మాత్రం ఆమె నోట్లోంచే వెలువడాలి. తవ్వి తెచ్చిన కొమ్ముల్ని కడాయిలో పోసి, నీళ్లు పెట్టి, పైన పసుపు ఆకు కప్పి ఉడకబెడతారు. ఉడుకు తక్కువైతే కొమ్ము ఎన్నాళ్లు ఎండినా గట్టిపడదు, ఎక్కువైతే రంగు చెడిపోతుంది. నడుమ ఉండేవి కొన్ని నిమిషాలే. పచ్చి వాసన విరిగి కమ్మటి వాసన లేచే ఆ నిమిషాన్ని లసుమవ్వ ముక్కు దూరం నుంచే పట్టేసేదని అందరి నమ్మకం. సీజనొస్తే జక్రాన్‌పల్లి నుంచి కూడా ఎవరో ఒకరు మోటార్ సైకిల్ వేసుకొని వచ్చి తీసుకుపోయేవారు. చెట్టు నీడలో మంచం వేసి, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టేవారు. మనుమరాలున్న ఆడమనిషికి పొలం గట్టు మీద అంత మర్యాద ఇంకెవరికి దక్కుతుంది?

అసలు సంగతేమిటంటే, ఆ ముక్కు పని మానేసి ఎనిమిదేళ్లయింది.

పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర వరసగా రెండు సీజన్లు కూలికి పోయింది ఆమె. తల మీది నుంచి కాలిదాకా దుమ్మే. ఆ తర్వాత నెల రోజులు జలుబు పట్టింది. జలుబు పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ నిండినప్పుడు, పొగ కళ్లలో గుచ్చుకున్నాక గానీ ఆమెకు తెలియలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఎదురుచూసింది. అంతలో పసుపు ఉడకబెట్టే కాలం వచ్చింది. ఎప్పటిలాగే మోటార్ సైకిల్ వచ్చింది. వెళ్లి కూర్చుంది. నురుగు చూసింది, అందరూ అటు తిరిగినప్పుడు పుల్ల తీసి ఒక కొమ్ములో గుచ్చింది. మెత్తగా దిగింది. "ఇగ దించుండ్రి" అంది. తప్పు పోలేదు. ఆ ఏడూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు. తప్పు పోనప్పుడు చెప్పుకోవడం దేనికి? భర్త గంగన్నకు కూడా చెప్పలేదు.

ఇంట్లో కూడా ఆమె ముక్కు మీదే అన్నీ నడిచేవి. పెరుగు పులిసిందా, పచ్చడి పాడైందా, నెయ్యి మంచిదేనా, అన్నీ అవ్వకే చూపించాలి. "మా అవ్వ ముక్కు ముంగట కుక్క గూడ తక్కువే" అని కొడుకు భూమేష్ ఊరంతా చెప్పుకునేవాడు. కోడలు మహేశ్వరి నవ్వేది. లసుమవ్వ ముక్కు దగ్గర పెట్టుకున్నట్టే పెట్టుకొని, వేలుతో తీసి నాలుక మీద వేసుకొని, కంటితో చూసి ఏదో ఒకటి చెప్పేది. నాలుక కూడా సగం చచ్చిపోయిందని ఆమెకే తెలుసు.

రెండు వేల ఆరు, మే నెల. పసుపు అమ్ముడుపోయింది. మనుమరాలు దీపకు బడి సెలవులు. ఆరేళ్ల పిల్ల, పుస్తకంలో కోట బొమ్మ చూసినప్పటి నుంచి ఒకటే గోల. "గోల్కొండ చూసి, జూ చూసి, చార్మినార్ చూసి వద్దాం" అని భూమేష్ పక్కూరు పెర్కిట్ నుంచి డ్రైవర్ ఎంకటి సుమో మాట్లాడాడు. గొడ్లున్నాయి కాబట్టి గంగన్న ఇంట్లోనే ఉంటానన్నాడు.

తెల్లవారకముందే బయలుదేరాలి. కరెంటు లేదు. మహేశ్వరి పులిహోర కలుపుతోంది, పిల్ల జడ కోసం ఏడుస్తోంది, వాకిట్లో ఎంకటి హారన్ కొడుతున్నాడు. పట్నం నీళ్లు పిల్లకు పడవని, ఇంటి బోరు నీళ్లు తీసుకుపోదామని లసుమవ్వ కొట్టంలోకి వెళ్లింది. పొలానికి నీళ్లు తీసుకుపోయే తెల్ల డబ్బా తలుపు పక్క మేకుకు ఉంటుంది. ఐదు లీటర్ల నూనె డబ్బా అది. చీకట్లో చెయ్యి చాచింది, మేకు ఖాళీ. తడుముకుంటూ పక్కకు పోయింది, ఇంకో మేకుకు డబ్బా తగిలింది. తీసింది, రెండుసార్లు గలగల కడిగింది, రాత్రి పట్టిపెట్టిన బోరు నీళ్లు నింపింది, బండిలో పెట్టింది.

దారిపొడవునా హాయిగానే గడిచింది. కామారెడ్డి దాటాక దీప కిటికీలోంచి కనబడ్డ ప్రతి ఊరి పేరూ అడిగింది. ఎంకటి కొన్ని ఉన్నవి చెప్పాడు, కొన్ని తనే పెట్టాడు. పదకొండు గంటలకు కోట ముందు దిగారు. దిగీ దిగగానే పిల్ల ఎర్ర ప్లాస్టిక్ అద్దాలు కొనిపించుకుంది. కోట తలుపులు చూసి లసుమవ్వ నోరు తెరిచింది. ఏనుగులు గుద్దకుండా తలుపు నిండా ఇనుప ములుకులు. లోపల కమాను కింద గైడొకడు చప్పట్లు కొడుతున్నాడు. ఆ చప్పుడు పైన కొండ మీద వినబడుతుందట. దీప కొట్టింది, భూమేష్ కొట్టాడు, మహేశ్వరి సిగ్గుపడుతూనే కొట్టింది.

"పైన ఎవరున్నరని గంత కొడుతున్నరు?" అంది లసుమవ్వ. "ఇనేటోడు సచ్చి ఎన్నొందల ఏండ్లాయె."

నవ్వుకున్నారు. ఎండ నెత్తిన కొడుతోంది. నీడలో ఆగి, ఎంకటి మోసుకొచ్చిన డబ్బా మూత తీసి భూమేష్ స్టీలు గిలాసలో నీళ్లు పోశాడు. దీప ఒక గుక్క తాగి మూతి ముడిచింది.

"నానమ్మా, నీళ్లు గమ్మతి వాసనొస్తున్నయ్."

"ఎండకు డబ్బా కాగిందిరా" అన్నాడు భూమేష్. అని, గిలాస తల్లి ముందు పెట్టాడు. "అవ్వా, నువ్వు జర సూడు. నీ ముక్కుకు తెల్వంది ఏమున్నది?"

అందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు. లసుమవ్వ గిలాస ముక్కు దగ్గరికి తీసుకుంది. గాలి లోపలికి పీల్చింది. ఏమీ లేదు. రాయిని వాసన చూసినా, పువ్వును చూసినా అంతే కదా. ఆమె తల ఊపింది.

"ఏం లేదు బిడ్డా. ప్లాస్టిక్ వాసన. తాగుండ్రి."

తాగారు. భూమేష్ ఒక గిలాస, మహేశ్వరి ఒక గిలాస, ఎంకటి పైకెత్తి గటగటా రెండు. దీప నానమ్మ చెప్పింది కదా అని ముక్కు మూసుకొని మొత్తం తాగేసింది.

మెట్లు మొదలయ్యాయి. పది మెట్లు ఎక్కిందో లేదో, లసుమవ్వకు కొట్టంలో మేకు గుర్తొచ్చింది. తలుపు పక్క మేకు ఎందుకు ఖాళీగా ఉంది? పోయిన వారం ఖాళీ అయిన పసుపు సంచులు పెట్టడానికి భూమేష్ కొట్టం సర్దాడు. ఏది ఎక్కడ పెట్టాడో ఆమె చూడలేదు. అదే కొట్టంలో, అదే రంగు, అదే సైజు నూనె డబ్బా ఇంకొకటి ఉంది. పక్కింటివాళ్లతో కలిసి తెచ్చిన పురుగుమందులో తమ వంతు అందులో పోసుకొచ్చాడు భూమేష్. కూరగాయలకు కొట్టడం అయిపోయాక, ఖాళీ డబ్బా మళ్లీ పనికొస్తుందని మూలనున్న మేకుకు వేలాడదీశాడు.

చీకట్లో తన చేతికి తగిలింది ఏ డబ్బా?

ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది. ముక్కున్న రోజుల్లో అయితే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. మూత తీసిన క్షణంలోనే తెలిసేది.

"ఏమైంది అత్తమ్మా? ఆయాసమా?" అంది మహేశ్వరి వెనక్కి తిరిగి.

"ఏం లేదు. నడువుండ్రి మీరు."

డబ్బా ఎంకటి భుజం మీద ఉంది. "ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట" అని లాక్కుంది. వాళ్లు రెండు మలుపులు పైకి పోయేదాకా ఆగి, గోడ చాటుకు వెళ్లి, ముందు తను గిలాస నింపుకొని తాగింది. అయ్యేదేదో తనకే ముందు కావాలి అనుకుంది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా అన్నీ అలాగే ఉన్నాయి. మిగిలిన నీళ్లన్నీ రాళ్ల మీద పారబోసింది. ఖాళీ డబ్బా ఏం చేయాలో తెలియలేదు. పాత సీసాలు ఏరుకునే ఆడమనిషి ఒకతి అటే వస్తే ఆమె గోనెలో పడేసింది. ఆమె మూల తిరిగిపోయాక గానీ ఇంకో మాట తట్టలేదు. ఆ డబ్బా మూత తీసి ఎవరి ముక్కు దగ్గరైనా పెడితే తేలిపోయేది కదా! గబగబా నాలుగడుగులు దిగింది. మూల తిరిగి చూస్తే ఎవరూ లేరు. నాలుగు దారులున్నాయి, అన్నీ రాళ్లే.

ఇక ఎక్కడం మొదలుపెట్టింది. చూడడానికొచ్చింది కోటను. చూస్తున్నది మాత్రం నలుగురు మనుషుల్ని.

మందు తగిలితే ఎట్లుంటుందో ఆమెకు తెలుసు. పెర్కిట్ ఏసయ్య వంకాయ తోటకు మందు కొట్టి, గట్టు మీద కూలబడ్డప్పుడు ఆమె పక్కనే ఉంది. ముందు చెమట పట్టింది. తర్వాత నోట్లోంచి చొంగ. కంటిపాప నువ్వుగింజంత అయింది. తర్వాత వాంతి. ఆర్మూర్ దవాఖానకు తీసుకుపోయేసరికి మాట లేదు. మర్నాడు మనిషే లేడు.

చెమట. భూమేష్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎంకటి మెడ మీద ధార కారుతోంది. మే నెల ఎండలో కొండెక్కేవాడికి చెమట పట్టకుండా ఉంటుందా? ఉండదు. మరి ఇది ఏ చెమట?

"అమ్మలూ, జర అద్దాలు తియ్యి" అంది దీపతో.

"ఎందుకు నానమ్మా?"

"నీ కండ్లు సూస్త."

పిల్ల అద్దాలు తీసి, ఎండకు కళ్లు చికిలించింది. గడ్డం పట్టుకొని పైకెత్తి చూసింది లసుమవ్వ. కంటిపాప సన్నగా ఉంది. కొడుకు కళ్లలోకి చూసింది. సన్నగానే ఉంది. ఎదురుగా దిగివస్తున్న ఎవరో తెలియని ముసలాయన కళ్లలోకి కూడా చూసింది. ఆయనవీ సన్నగానే ఉన్నాయి. ఆయన ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"అవ్వా, ఏం జేస్తున్నవ్? మందిని గట్ల సూడకు" అన్నాడు భూమేష్ నవ్వాపుకుంటూ.

"పెద్దమ్మకు కోటకంటే మనుషులే నచ్చినట్టున్నరు" అన్నాడు ఎంకటి.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ డబ్బా తారుమారైందేమోనని చెబితే, "మరి నువ్వు వాసన సూసినవు గదా" అంటాడు. జవాబు చెబితే ఎనిమిదేళ్లూ బయటపడతాయి. మోటార్ సైకిళ్లు, మంచం, చాయ్, కొడుకు గొప్పలు, అన్నీ. ఇంకో మలుపు దాకా చూద్దాం అనుకుంది. ఏమీ కాకపోతే ఏమీ కానట్టే కదా. ఆ మలుపు దాటింది. ఇంకొక్కటి అనుకుంది. రామదాసును బంధించిన చెర ఇదేనని చూపిస్తుంటే లోపలికి తొంగిచూసింది. గోడ మీద చెక్కిన బొమ్మల్ని భూమేష్ వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఆ వేలు వణుకుతోందా? వణకడం లేదు. తన చెయ్యే వణుకుతోంది. మరి తను తాగింది కదా! ఇది భయమా, మందా?

దీప మామిడికాయ ముక్కలు కావాలంది. ఉప్పూ కారం చల్లిన ముక్క కొరకగానే పిల్ల నోట్లో నీళ్లూరి గడ్డం మీదికి కారాయి. లసుమవ్వ కొంగుతో తుడిచింది. మళ్లీ కారాయి. మళ్లీ తుడిచింది. "వద్దు, పారెయ్" అని ముక్క లాక్కుంటే పిల్ల ఏడుపు లంకించుకుంది.

"పిల్లను ఎందుకేడిపిస్తున్నవ్ అత్తమ్మా?" అంది మహేశ్వరి. పొద్దున్నుంచీ ఆమె అత్తను అంత గట్టిగా ఒక మాట అనడం అదే మొదలు.

పైకి చేరారు. మీదనున్న మహల్ నుంచి పట్నమంతా కనబడుతోంది. భూమేష్ పిల్లను ఎత్తుకొని చార్మినార్ ఎటుందో వెతుకుతున్నాడు. కింద కమాను దగ్గర ఎవరో చప్పట్లు కొట్టినట్టున్నారు, జనం ఆహా అంటున్నారు. అప్పుడే మహేశ్వరి గోడ పట్టుకొని కిందికి జారింది.

"కండ్లు తిరుగుతున్నయ్" అంది. అంటూనే పక్కకు వంగి వాంతి చేసుకుంది.

లసుమవ్వ నోట్లోంచి వచ్చిన అరుపుకు చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. కోడల్ని రెండు చేతులా పట్టుకుంది. "బిడ్డా, ఇంకా కక్కు. వేలు పెట్టుకో. అంత కక్కెయ్యి. భూమేష్, నువ్వు గూడ కక్కురా. పిల్లతోని కక్కియ్యి."

"అవ్వా! ఎండదెబ్బ అవ్వా, నీకేమైంది?"

"మందు డబ్బరా అది. మందు డబ్బల నీళ్లు వట్టుకొచ్చిన్నేమో."

భూమేష్ పిల్లను కిందికి దించాడు. "నువ్వు వాసన సూసినవు గదా?"

అదే మాట. లసుమవ్వ తల వంచుకుంది.

"నాకు వాసన తెల్వది బిడ్డా. ఎనిమిదేండ్లాయె. నా ముక్కు సచ్చిపోయింది."

భూమేష్ తల్లిని చూశాడు. కోపం కాదు అది, తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "డబ్బ ఏది?" అన్నాడు. పారబోశానని, ఇచ్చేశానని చెప్పింది. "ఏ మేకుకున్నది తీసినవ్?" చీకట్లో తెలియలేదని చెప్పింది. అతను పిల్లను భుజాన వేసుకున్నాడు. ఎంకటి మహేశ్వరిని నడిపించాడు. ఎక్కడానికి గంట పట్టిన మెట్లు ఎలా దిగారో ఎవరికీ గుర్తు లేదు. దిగుతూనే భూమేష్ ఫోన్ తీసి ఇంటికి చేశాడు. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. గంగన్న గొడ్లను తోలుకొని పొలానికి పోయుంటాడు. లసుమవ్వ అందరికంటే వెనక, చెప్పులు చేత పట్టుకొని దిగింది. దీప ఒక్కతే తండ్రి భుజం మీది నుంచి వెనక్కి చూస్తూ, "నానమ్మా, నేను సచ్చిపోతనా?" అని అడిగింది.

"చుప్!" అన్నాడు భూమేష్. ఆ గొంతు విని పిల్ల బిగుసుకుపోయింది.

కోట బయట సందులో చిన్న దవాఖాన దొరికింది. డాక్టరమ్మ చిన్న వయసుదే. నీడలో అందరి కళ్లలోకి టార్చి వేసి చూసింది, నాడి పట్టింది, గుండె చప్పుడు విన్నది. "ఇప్పటికైతే ఏ లక్షణమూ లేదు. ఈమెది ఎండకు వచ్చిన వాంతిలాగే ఉంది. కానీ మీరు చెప్పేది మందు సంగతి కాబట్టి వదిలిపెట్టలేను. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవాలి. ఎవరికి చెమట ఎక్కువైనా, చూపు మసకైనా వెంటనే పిలవండి" అంది. మహేశ్వరికి సెలైన్ పెట్టించింది.

కూర్చున్నారు. బల్ల మీద ఒకరి పక్కన ఒకరు. ఇప్పుడు అందరూ అందరినీ చూస్తున్నారు. ఎంకటి తన అరచేతులు తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. పొద్దున రెండు గిలాసలు తాగింది తనేనని అతనికి గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఎటో పోయింది. భూమేష్ పది నిమిషాలకోసారి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. దీప నిద్రలోకి జారబోతే మహేశ్వరి మంచం మీది నుంచే, "పండనియ్యకుండ్రి, లేపుండ్రి" అని కేకపెట్టింది. పిల్లను లేపారు. పిల్ల ఏడ్చింది. ఏడిస్తే ప్రాణం ఉన్నట్టే అనుకున్నారు.

మూడు దాటాక గంగన్న ఫోన్ ఎత్తాడు.

"బాపూ, కొట్టంలకు పో. తెల్ల డబ్బ ఒకటి ఉండాలె. మూత తీసి వాసన సూసి చెప్పు."

"ఎందుకురా?"

"అడగకు బాపూ, పో!"

గంగన్న కొట్టం దాకా పోయి రావడానికి పట్టిన సేపు లసుమవ్వకు ఆ కొండ ఎక్కిన సేపుకంటే పెద్దదనిపించింది. భూమేష్ ఫోన్ చెవికి నొక్కిపట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అవతల దగ్గు వినబడింది.

"ఏం డబ్బరా ఇది! మూత తీస్తె కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్. మందు కంపు. పారెయ్యాల్నా?"

భూమేష్ మెల్లగా నేల మీద కూర్చున్నాడు. "మందు డబ్బ ఇంట్లనే ఉన్నది" అన్నాడు అందరికీ వినబడేలా. "మనం తాగింది నీళ్ల డబ్బలవే."

ఎంకటి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మహేశ్వరి ముఖం గోడవైపు తిప్పుకొని వెక్కివెక్కి ఏడ్చింది. లసుమవ్వకు ఏడుపు రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు సాయంత్రం దాకా కూర్చొని, జూ చూడకుండానే, చార్మినార్ చూడకుండానే బండెక్కారు.

బండి మేడ్చల్ దాటింది. దీప నానమ్మ ఒళ్లో తల పెట్టుకొని నిద్రపోయింది, ఈసారి ఎవరూ లేపలేదు. అప్పుడు ముందు సీట్లోంచి మహేశ్వరి తిరిగి చూడకుండానే అడిగింది.

"అత్తమ్మా, గ్యాస్ వాసన గూడ తెల్వదా నీకు?"

"తెల్వది బిడ్డా."

"పొద్దుందాక పిల్లను నీ దగ్గర్నే ఇడిసిపెట్టి పనికి పోతున్న గదా నేను." "ఇయ్యాల పొద్దుగాల చాయ్ నువ్వే పెట్టినవ్. బందు చేసినవా?"

"చేసిన."

"ఎట్లెర్క?"

లసుమవ్వ ఆలోచించింది. చీకటి, హారన్, పిల్ల ఏడుపు. చెయ్యి తిప్పినట్టే ఉంది. మంట ఆరినట్టే ఉంది. చాయ్ పొంగి ఆర్పిందో, తనే ఆర్పిందో.

భూమేష్ మళ్లీ ఇంటికి ఫోన్ కలిపాడు. గంగన్న వెంటనే ఎత్తాడు.

"బాపూ, బీడీ ముట్టియ్యకు. వంటింట్లకు పో. దర్వాజ తెర్సి, గ్యాస్ వాసనొస్తున్నదేమో సూడు."

ఈసారి తొందరగానే వచ్చాడు. "ఏ వాసనా లేదు. పొయ్యి బందే ఉన్నది." గంగన్నకు విసుగొచ్చింది. బండిలో అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు. "మధ్యాన్నం డబ్బ వాసన సూడుమంటివి. ఇప్పుడు గ్యాస్ సూడుమంటున్నవ్. నన్నెందుకు సంపుతున్నర్రా? ముక్కున్న మనిషి మీ పక్కన్నే కూసున్నది గదా, ఆమెనే అడగరాదు?"

భూమేష్ ఫోన్ పట్టుకొని వెనక్కి తిరిగాడు. లసుమవ్వ నిద్రపోతున్న పిల్ల తల ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి చాచింది.

"నాకియ్యి బిడ్డా" అంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని గొంతు సవరించుకుంది. "ఇగో, నేనే. కూసున్నవా? కూసొని ఇను. ఎనిమిదేండ్ల ముచ్చట ఒకటి నీకు చెప్పాల్సింది ఉన్నది."